దివ్యబలియు ఆత్మార్పణమును

భగవంతునికి మనుష్యుడు ఏమి ఇయ్యగలడు? ఈ ప్రశ్న ఏ యొక్క మతమువారి సొత్తును గాదు. తొలకరిని విత్తనము చల్లునపుడును, కుప్ప నూర్చునపుడును, బిడ్డ పుట్టినపుడును, పెద్దలు గతించినపుడును ప్రతి గృహమునందును ఇది పుట్టుచునేయున్నది. టెంకాయ కొట్టువారు కలరు; దీపము పెట్టువారు కలరు; తలనీలాలిచ్చువారు కలరు; జకాతు చెల్లించువారు కలరు. ఇచ్చునది ఏదైనను ఆలోచించువానికి ఒక చిక్కు కనబడక మానదు. మనము తెచ్చిన వస్తువెల్ల ఆయన యిచ్చినదే. ఆయన సొమ్మును ఆయనకే చెల్లించుటలో మన గొప్ప యేమున్నది? మనదని చెప్పదగినది మన మనస్సు, మన యిష్టము, అంతియే. దాని నిచ్చుట కష్టము. కావుననే దానికి బదులుగా తక్కినవన్నియు నిచ్చుటకు మనము సిద్ధపడుచుందుము.

కతోలిక క్రైస్తవులు దివ్యబలిపూజ యని పిలుచు ఆరాధనము ఈ చిక్కునకు ఎట్టి సమాధానము చెప్పుచున్నదో, ఆ సమాధానము పూజయందు నిలుచువానినుండి ఏమి కోరుచున్నదో ఈ ప్రసంగమున మనవి చేయుదును. ఆ మతమునకు చెందనివారికిని తెలియునట్లు సంగతిని మొదటినుండి చెప్పుట మంచిది.

యేసు క్రీస్తు ప్రభువు తాను మరణించుటకు ముందటి రాత్రి శిష్యులతో గూడి భోజనమునకు గూర్చుండెను. దీనినే కడరా భోజనమందురు. యూదులు తమ పూర్వులు ఐగుప్తు దాస్యమునుండి విడుదల పొందిన సంగతిని స్మరించుచు గొఱ్ఱెపిల్లను బలియిచ్చి భుజించు పాస్క పండుగ కాలమది. ఆ రాత్రి ప్రభువు రొట్టెను చేతబట్టి, దేవునికి కృతజ్ఞత చెల్లించి, విఱిచి, అది వారికొఱకు అర్పింపబడు తన శరీరమని చెప్పి శిష్యులకిచ్చెను. ద్రాక్షారసపు పాత్రమునుగూడ ఎత్తి, అది అనేకులకొఱకు చిందింపబడు తన రక్తమని చెప్పి వారిచే త్రాగించెను. తన జ్ఞాపకార్థము దీనిని చేయుచుండవలెనని ఆజ్ఞాపించెను. మఱునాడు సిలువమీద ప్రాణము విడిచెను. రాత్రి బల్లయొద్ద మాటతో నిచ్చినదానినే మఱునాడు కొండమీద దేహముతో నిచ్చెను. ఆ రెండును ఒక్క దానమే.

ఆ ఆజ్ఞననుసరించి గురువు బలిపీఠముకడ గోధుమ అప్పమును ద్రాక్షారసమును చేతబట్టి ప్రభువు పలికిన మాటలను పలుకునపుడు, అవి నిజముగా క్రీస్తు శరీరరక్తములగునని కతోలికుల విశ్వాసము. కంటికి అప్పమే కనబడును. నాలుకకు అప్పపు రుచియే తగులును. రంగు మాఱదు, బరువు మాఱదు. మాఱునది లోని సారము. 1551లో ట్రెంటు మహాసభ ఈ విశ్వాసమును స్పష్టముగా ప్రకటించెను. 1562లో అదే మహాసభ మఱియొక సంగతిని తేల్చెను. పీఠముమీది బలి సిలువబలికి తోడు చేర్చబడిన వేఱొక బలి కాదు. అర్పించువాడు క్రీస్తే, అర్పింపబడువాడును క్రీస్తే, అర్పించు విధము మాత్రమే వేఱు. సిలువమీద రక్తము చిందెను, పీఠముమీద చిందదు.

ఇది రైతులకు కష్టమైన సంగతి కాదు. ఎగువనున్న చెఱువు ఒక్కటియే. తూము ఎత్తినప్పుడెల్ల పొలమునకు వచ్చునది ఆ చెఱువు నీరే గాని క్రొత్త చెఱువు నీరు కాదు. ఏ కాలమున ఏ పొలమునకు నీరు పాఱినను, మూలము అక్కడనే యున్నది. అట్లే ఏ యూర, ఏ దినమున పూజ జరిగినను అందు ప్రవహించునది ఆ ఒక్క సిలువబలి ఫలమే.

తెలుగు కతోలికులు ఈ దివ్యభోజనమునకు సత్ప్రసాదమని పేరుపెట్టిరి. ఈ పేరు మన నేలలో మొలిచినది. దేవునియెదుట పెట్టిన నైవేద్యము ప్రసాదమై తిరిగి భక్తుని చేతికి వచ్చుట మన జనులకు తరతరములుగా తెలిసినదే. ఐనను ఇచట ఒక విశేషము కలదు. మనము తెచ్చిన పదార్థము పవిత్రమై తిరిగి వచ్చుటతో ఇది ముగియదు. దేవుడే మనుష్యుడై తన్నుదాను అర్పించుకొని, ఆ అర్పణమునే మనకు ఆహారముగా వడ్డించుచున్నాడని విశ్వాసము. భక్తుడు దేవునికి పెట్టకమునుపే దేవుడు భక్తునికి పెట్టుచున్నాడు. కావున మనమిచ్చునది ఆరంభము గాదు; అది ఆయన యిచ్చినదానికి ప్రత్యుత్తరము.

అట్లయిన ఇంత గొప్ప బలియందు మనుష్యుని వంతు ఏది? సర్వమును ఆయనయే చేయుచుండగా మనము చూచుచు నిలుచుండుటయేనా? దీనికి సమాధానము పూజలోని ఒక చిన్న క్రియయందు కలదు. గురువు పాత్రమున ద్రాక్షారసము పోసినపిదప అందులో కొంచెము నీరు, కొన్ని బొట్లు మాత్రమే, కలుపును. వెనుకవరుసలలో నున్నవారు దానిని చూడనైనను చూడరు. మూడవ శతాబ్దమున ఉత్తరాఫ్రికాయందలి కార్తేజి నగరమునకు పీఠాధిపతిగానుండిన పునీత సిప్రియానుడు దీనికి అర్థము చెప్పెను. ఆయన బోధ ననుసరించి రసము క్రీస్తునకు గుర్తు, నీరు ప్రజలకు గుర్తు. నీరు మాత్రమే అర్పించినచో ప్రజలు క్రీస్తు లేనివారగుదురు. రసము మాత్రమే అర్పించినచో క్రీస్తు తన ప్రజలు లేనివాడగును. ఈ మాట చెప్పిన సిప్రియానుడు 258వ సంవత్సరమున తన విశ్వాసముకొఱకు శిరచ్ఛేదము పొందెను. ఆయన బోధయందలి నీటిబొట్టు తానే యని ఆ దినమున నిరూపించెను.

పాలలో గలిసిన నీటిని హంస వేఱుచేయునని మన కవులు చెప్పుదురు. ఈ పాత్రములోని నీటిని వేఱుచేయు హంస లేదు. బొట్టు మిక్కిలి చిన్నది. దానిని ఒంటరిగా బండమీద విడిచినచో నిమిషములో ఎండకు ఆఱిపోవును. రసముతో గలిసిన పిమ్మట రసమున కెంత వెలయో దానికిని అంత వెల. మనము చేసిన పని, పడిన శ్రమ, ఓర్చిన దుఃఖము, విడిచిపెట్టిన కోపము, ఇవి తమంతట నిలిచిన ఎంతటివి? క్రీస్తు అర్పణముతో గలిసినపుడు అవి తండ్రియైన దేవునికి ప్రియమైన కానుకలగును. ఆత్మార్పణమను పెద్దమాటకు కతోలికులు చెప్పుకొను అర్థమిదియే.

కానుక, కష్టము, దరిద్రుని ఆకలి, ఈ మూడును ఆదికాలమునుండియు ఈ పూజయందు కూడియున్నవి. రెండవ శతాబ్దపు నడుమ రోమాపురమున నుండిన పునీత జస్టినుడు, క్రైస్తవులు ఆదివారమున ఎట్లు కూడుకొందురో రోమాచక్రవర్తికి ఒక విన్నపములో వివరించి వ్రాసెను. వారు లేఖనములు చదువుదురు, పెద్ద బోధించును, రొట్టెయు, ద్రాక్షారసమును, నీరును తేబడును, కృతజ్ఞతాస్తుతి జరుగును, అందఱును పాలుపొందుదురు, రాలేనివారికి ఇండ్లకు పంపుదురు. ఆపైని కలిగినవారు తమ యిష్టముకొలది ఇచ్చిన ధనమును పెద్దయొద్ద నుంచుదురు. దానితో ఆయన అనాథలను, విధవలను, రోగులను, చెఱయందున్నవారిని, పరదేశులను పోషించును. చూడుడు: బలిపీఠమునకు వచ్చిన కానుకకు రెండు త్రోవలు. ఒకటి దేవునికి, మఱియొకటి పేదకు. ఆనాటివారు వీనిని రెండు వేఱు కార్యములని తలంపలేదు.

కాలక్రమమున ఈ భావము కొంత మరుగుపడెను. పూజ లాటిను భాషలో జరుగుచుండెను. గురువు పీఠమువైపు తిరిగి మెల్లగా ప్రార్థించుచుండగా ప్రజలు జపమాల చెప్పుకొనుచు మోకాళ్ళమీద నుండిరి. వారి భక్తికి లోపము లేదు. కాని బలి యర్పించుట గురువుపని, వినుట మనపని యనుతలంపు వేళ్ళూనెను. తాము తగినవారము కామని సంవత్సరమునకు ఒకమాఱు మాత్రమే సత్ప్రసాదము పుచ్చుకొనువారు అనేకులుండిరి. 1905లో పదవ పయస్ పోపుగారు సత్ప్రసాదమును తఱచుగా, వీలైనచో ప్రతిదినమును, స్వీకరింపుడని ప్రోత్సహించిరి. 1910లో వివేకము తెలిసిన చిన్నబిడ్డలకును దానిని ఇయ్యవలెనని శాసించిరి. 1947లో పన్నెండవ పయస్ పోపుగారు లోకమంతటికిని వ్రాసిన లేఖయందు, ప్రజలు గురువుద్వారముననేగాక ఒకవిధముగా గురువుతోగూడ అర్పించుచున్నారనియు, ఆ అర్పణము నిండవలెననిన వారు తమ్ముదాము అర్పించుకొనవలెననియు బోధించిరి. ఆపైని రెండవ వాటికను మహాసభ 1963లో ప్రజల భాషలకు పూజయందు ద్వారము తెఱచెను. తెలుగువారు తమ బలిపూజను తమ తెలుగులోనే వినగలిగిరి. 1964లో అదే మహాసభ, గృహస్థుల ప్రార్థనయు, సంసారమును, దినదినపు కష్టమును, ఓర్పుతో భరించిన బాధయు బలిపూజయందు ప్రభువు శరీరముతోగూడ తండ్రికి అర్పింపబడు ఆత్మీయ బలులని ప్రకటించెను. నాగలి పట్టుట, కుండ చేయుట, బట్ట నేయుట, వంట వండుట, ఇవన్నియు ఆ పాత్రములోనికి రాదగినవే.

ఈ విశ్వాసము తెలుగునాట క్రొత్తగా వచ్చినది కాదు. 18వ శతాబ్దారంభమున ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు పుంగనూరు, కృష్ణాపురము మొదలగు తావులకు వచ్చి, సన్న్యాసుల వేషమును ఆచారమును అవలంబించి, తెలుగు నేర్చి బోధించిరి. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమను కావ్యమున క్రీస్తు చరిత్రమును తెలుగు పద్యములలో పొందుపఱచెను. 1773లో యేసుసభ రద్దు చేయబడెను. గురువుల సంఖ్య తఱిగిపోయెను. అనేక గ్రామములవారికి గురువుముఖము చూచుటయే అరుదయ్యెను. గురువు లేనిదే బలిపూజ లేదు. ఐనను ఆ పల్లెలలో ఉపదేశులు జనులను కూర్చి జపములు చెప్పించిరి. తల్లులు బిడ్డలకు సిలువగుర్తు నేర్పిరి. పాత్రము వారి ఊరికి రాలేదు గాని, వారు తమ నీటిబొట్టును ఎండనీయలేదు. తరువాత వచ్చిన గురువులకు నిలిచియున్న క్రైస్తవకుటుంబములు కనబడుటకు ఆ గృహములే కారణము.

హైదరాబాదు రాజ్యమున సికిందరాబాదునందలి మరియమాత దేవాలయము 1850వ సంవత్సరమునాటిది; అది 2008లో బసిలికా గౌరవమును పొందెను. నగరమధ్యమున గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్పగారి ప్రధాన దేవాలయము 1875 క్రిస్మసు దినమున తెఱవబడెను. 1886లో హైదరాబాదు పీఠమును, 1953లో అగ్రపీఠమును ఏర్పడెను. నేడు లోకమెల్ల ఎఱిగిన నానక్‌రామ్‌గూడయు ఆ అగ్రపీఠపు ఎల్లలలోనే యున్నది. ఇంతవఱకు చెప్పిన బోధ నిలుచునా పడునా యని తెలిసికొనుటకు అచ్చటికి పోవుదము.

నానక్‌రామ్‌గూడ పూర్వమొక పల్లె. బండఱాళ్ళ గుట్టల నడుమ, శ్రీ రంగనాథస్వామి ఆలయము గల యూరు. నేడు దాని చుట్టును గాజుగోడల మేడలు లేచినవి. ప్రక్కనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఆ చెంతనే నగరమును చుట్టివచ్చు మహాపథము. అక్కడ పనిచేయువారెవ్వరు? శ్రోతలారా, వారు మీ యిండ్ల బిడ్డలే. ఒకడు గణకయంత్రము ముందు రాత్రులు మేల్కొనును. ఒకడు కారు నడుపును. ఒకడు వాకిట కాపలా కాయును. ఒకతె మేడమెట్లు తుడుచును. ఇంకను పొలము పండక, అప్పు తీఱక, భార్యాబిడ్డలతో బయలుదేరి వచ్చి ఇసుకయు సిమెంటును మోయువారు వేలకొలది.

2016వ సంవత్సరము డిసెంబరు 8వ తేది కతోలికులకు నిష్కళంకమాత పండుగ. ఆ దినమున దేవాలయములలో బలిపూజలు జరిగినవి. వాడుకప్రకారము గురువులు అప్పమును పైకెత్తి, అది భూమి యిచ్చిన ఫలమనియు మనుష్యుల చేతికష్టమనియు చెప్పి దేవునికి సమర్పించిరి. ఆ రాత్రి నానక్‌రామ్‌గూడలో నిర్మాణమందున్న ఏడంతస్తుల భవనము కూలెను. అందే తలదాచుకొనుచున్న కూలీల కుటుంబములు శిథిలములక్రింద పడినవి. 11 మంది మరణించిరి. విజయనగరము ప్రాంతమునుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు వారిలో గలరు. ఆ కట్టడపు లోపములను విచారించుట అధికారులపని, న్యాయస్థానములపని. మనము విచారింపవలసినది మఱియొకటి గలదు.

ఉదయమున బలిపీఠముకడ చేతికష్టమని పలికితిమి. అది ఎవరి చేయి? గోధుమ కోసిన చేయి, పిండి విసరిన చేయి, అప్పమును మోసితెచ్చిన చేయి. దేవాలయపు గోడను కట్టినదియు ఒక చేయియే. ఆ చేతిని పూజలో కొనియాడి, వెలుపల దానికి నిలువనీడ భద్రముగా నున్నదా లేదా యని అడుగకుండినచో, మనము అర్పించినది అప్పము మాత్రమే. మనలను మనము అర్పింపలేదు. ఇది కట్టడపు యజమానులకు మాత్రమే చెప్పు మాట కాదు. మేడలలో గృహములు కొనువారికి, కూలి తక్కువగా బేరమాడువారికి, పల్లెలో పాలేరుకు జీతము నిలిపివేయువారికి, పనిమనిషికి జ్వరము వచ్చిన దినపు కూలి కోయువారికి, అందఱకును చెందును. ఇయ్యక నిలిపిన కూలి తానే దేవునికి మొఱపెట్టునని పునీత యాకోబు తన లేఖయందు హెచ్చరించియున్నాడు.

ఈ సత్యము బలిపీఠమునకు పోవుచున్న ఒక గురువును దారిలో పట్టుకొన్న కథ చరిత్రయందు కలదు. ఆయన పేరు బర్తోలోమె దె లాస్ కాసాస్, స్పెయిను దేశస్థుడు. క్యూబా ద్వీపమున ఆయనకు భూమియు, దానితోపాటు వెట్టిచాకిరి చేయు ఆ దేశపు ఆదివాసులును ఈయబడిరి. గురువై యుండియు ఆయన వారిచే గనులలోను పొలములలోను పని చేయించుకొనుచుండెను. 1514లో పెంతెకోస్తు పండుగపూజకు ప్రసంగము సిద్ధపఱచుకొనుచు, ఆయన సీరా జ్ఞానగ్రంథపు 34వ అధ్యాయమును చదివెను. పేదల సొమ్ము హరించి తెచ్చిన బలి, తండ్రి కన్నులయెదుట కుమారుని వధించుటవంటిదని అందు చెప్పబడినది. ఆ వాక్యమును దాటి ఆయన పోలేకపోయెను. కొన్నిదినములు ఆలోచించి, తనకిచ్చిన ఆదివాసులనందఱను విడిచిపెట్టెను. ఆ ఆగస్టు నెలలో పీఠమెక్కి ఆ మాట బహిరంగముగా ప్రకటించెను. ఆపైని 1566లో మరణించువఱకు అయిదు దశాబ్దములు ఆ ప్రజల పక్షమున వాదించెను. ఆయన అప్పము మాఱలేదు, పాత్రము మాఱలేదు. అర్పించు చేయి మాఱెను. ఆత్మార్పణమునకు ఇంతకన్న తేటయైన దృష్టాంతము వెదకనక్కఱలేదు.

మన నేలమీద విడువవలసినది ఇంకొకటి కలదు; అది కులాహంకారము. తొలిశతాబ్దముననే కొరింతు నగరమున ధనవంతులు ముందుగా భుజించి త్రాగుచుండగా పేదలు ఆకలితో నిలుచుండిరని విని, అట్టి భోజనము ప్రభువు భోజనము కానేరదని పునీత పౌలు మందలించెను. మన దేశమున ఒకే పీఠమునుండి సత్ప్రసాదము పుచ్చుకొనుచు, ఒకే వరుసలో కూర్చుండుటకును, ఒకే శ్మశానమున నిద్రించుటకును సందేహించినవారు గలరు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో ప్రకటించిన విధానపత్రమున, దళితులయెడ భేదభావము శ్రీసభలోను నిలిచియున్నదని ఒప్పుకొని, దానిని తొలగింపవలెనని కోరెను. 2022 ఆగస్టు 27వ తేదిన హైదరాబాదు అగ్రపీఠాధిపతియైన పూల అంతోనిగారు కార్డినలైరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి పొందిన మొదటివారు ఆయనయే. పై పీఠమున జరిగిన ఈ సంగతి క్రింది బల్లలయొద్దకును రావలసియున్నది. అనేకమైన గింజలు నలిగి పిండియైనగాని అప్పము గాదు. నలుగనొల్లని గింజ గాదెలోనే యుండును, పీఠమునకు రాదు.

ఇంక మ్రొక్కుబడిని గూర్చి ఒక మాట. కష్టకాలమున మ్రొక్కుకొనుట మానవస్వభావము. ఏటేట ఫిబ్రవరి 11వ తేదిన గుణదల మరియమాత కొండకు ఎక్కు జనసమూహమున కతోలికులు కానివారును ఎందఱో కలరు. వారి కన్నీటిని తక్కువచేసి చెప్పరాదు. ఐనను మ్రొక్కుబడికి ఆత్మార్పణమునకు అంతరము గుర్తింపవలెను. ఇది యిచ్చినచో అది యిత్తునని మ్రొక్కుబడి అడుగును. ఆత్మార్పణము ఏమియు అడుగక, నన్ను నీ యిష్టమువచ్చినట్లు వాడుకొమ్మని చెప్పును. దేవాలయపు కానుక పెట్టెలో రెండు చిన్న కాసులు వేసిన విధవను ప్రభువు ధనవంతులందఱికంటె ఎక్కువగా మెచ్చుకొన్నాడు. ఆమె వేసినది లెక్కకు స్వల్పము. ఆమెకు మిగిలినది శూన్యము. ఆయన కాసులను చూడలేదు, మిగిలినదానిని చూచెను.

పెద్దలైన శ్రోతలలో కొందఱు తమలోతాము ఇట్లనుకొనవచ్చును: మా కాలు సాగదు, చూపు ఆనదు, పొలము బిడ్డల పేర వ్రాసితిమి, ఇయ్యుటకు మాకేమున్నది? మీయొద్దనే ఎక్కువ యున్నది. 1844లో ఫ్రాన్సు దేశపు వాల్స్ అను ఊర యేసుసభ విద్యార్థులు దూరదేశములకు బోధింపబోవలెనని ఆతురపడి తమ చదువునందు మనస్సు నిలుపలేకపోవుచుండిరి. గోత్రెలే అను గురువు వారికి ఒక ఉపాయము చెప్పెను. ప్రతి ఉదయమున ఆ దినపు ప్రార్థనను, పనిని, సంతోషమును, బాధను దేవునికి సమర్పించుకొనుడు. మీ చదువే ఆ దూరదేశముల సేవయగును. ఆ ఉదయార్పణము అచ్చటినుండి లోకమంతట వ్యాపించెను. దానికి కాలుబలము అక్కఱలేదు. కంటిచూపు అక్కఱలేదు. నిద్ర మేల్కొన్నతోడనే మంచముమీదనే చేయవచ్చును.

ఐతే ఇచట జాగ్రత్త కావలెను. బాధను అర్పించుటయనగా వైద్యము మానుట కాదు. అన్యాయమును నోరుమూసికొని సహించుటయు కాదు. ప్రభువు రోగులను బాగుచేసెను. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. దేవాలయమున వ్యాపారుల బల్లలను పడద్రోసెను. తొలగింపదగిన బాధను తొలగించుటయు అర్పణమే. తొలగింపరానిదానిని ద్వేషములేక మోయుటయు అర్పణమే. రెంటినెఱిగి నడచుట పెద్దల వివేకము.

అన్నిటికంటె కఠినమైన కానుక క్షమాపణ. కానుక పట్టుకొని పీఠమువఱకు వచ్చినవానికి, తనమీద సోదరునికి ఏదేని కొఱత యున్నదని జ్ఞాపకము వచ్చినచో, కానుకను అక్కడనే విడిచి ముందు పోయి సమాధానపడవలెనని ప్రభువు ఉపదేశము. గట్టు తగవులో మాటలు మానిన అన్నదమ్ములు, ఆస్తిపంపకమున విడిపోయిన అక్కచెల్లెండ్రు, పెండ్లివిషయమున దూరమైన కొడుకు, ప్రతి యూరను ఉన్నారు. నానక్‌రామ్‌గూడ మేడలో పనిచేయు కొడుకు పండుగకు రాకపోవుటకు సెలవు దొరకకపోవుటయే కారణము గాకపోవచ్చును. ఆ మాట కలుపుటకు ముందడుగు వేయువారు పెద్దలైనచో, అది ఏ కానుకపెట్టెలోను పట్టని కానుక.

కతోలికులైనవారికి నా మనవి ఇది. రాబోవు ఆదివారమున గురువు పాత్రమున నీరు కలుపు ఆ క్షణమును కనిపెట్టియుండుడు. అది త్వరగా గడచిపోవును. ఆ లోపున మీది ఏదో యొకటి, ఆ వారపు కష్టమో, ఒక పగయో, చెల్లింపక నిలిపిన ఒకని కూలిని మఱునాడే చెల్లింతునను నిశ్చయమో, ఆ బొట్టులో వేయుడు. తక్కిన మతములవారికి నా మనవియు ఇంచుమించుగా ఇదియే. మీరు ఏ దేవాలయమునకు, ఏ మసీదునకు పోయినను, చేతనున్న కానుకను చూచుకొన్న పిమ్మట దానిని పట్టుకొన్న చేతిని ఒకమాఱు చూచుకొనుడు. దేవుడు చూచునది ముందుగా దానినే.